శరణార్థులకు శిబిరమా, జనం మధ్య చోటా? దేశ భద్రతకు ఏది మేలు?

ఎక్కడైనా యుద్ధం మొదలై లక్షల మంది సరిహద్దు దాటిన ప్రతిసారీ పాఠకులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. 2022లో ఉక్రెయిన్ నుంచి జనం పారిపోయినప్పుడు అడిగారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో పోరు రాజుకుని, అక్కడివాళ్ళు చాద్‌కు పరుగులు తీసినప్పుడు అడిగారు. రోహింగ్యాల మాట వస్తే ఎప్పుడూ అడుగుతూనే ఉంటారు. వచ్చినవాళ్ళను ఒకచోట శిబిరంలో ఉంచితే దేశానికి భద్రమా, ఊళ్ళలో ఉండనిచ్చి పని చేసుకోనిస్తే భద్రమా? "జాలి సంగతి పక్కన పెట్టి చెప్పండి" అని కూడా అంటారు. జాలిని పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు గానీ, భద్రత, రాజకీయం వరకే చూసినా జవాబు స్పష్టంగానే ఉందని నా నమ్మకం.

ముందు శిబిరం వైపు వాదన. అది తీసిపారేసేది కాదు. అందరూ ఒకచోట ఉంటే తిండి, మందులు, టీకాలు అందించడం తేలిక. ఎవరొచ్చారో లెక్క తెలుస్తుంది. ఖర్చులో పెద్ద వాటా ఐక్యరాజ్యసమితి సంస్థలు భరిస్తాయి. ఊళ్ళో అద్దెలు పెరిగాయనో, కూలి రేట్లు పడిపోయాయనో స్థానికులు గొడవకు దిగరు. ఎన్నికలు దగ్గర పడుతున్న ప్రభుత్వానికి ఈ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. "ఇది కొన్నాళ్ళే" అని సొంత ప్రజలకు చెప్పుకోవచ్చు.

ఆ కొన్నాళ్ళే ఏళ్ళకేళ్ళు సాగుతాయి. సోమాలియాలో అంతర్యుద్ధం మొదలైనప్పుడు, 1991లో, కెన్యాలో దాదాబ్ శిబిరాలు వెలిశాయి. 90 వేల మందికని కట్టినవి. 2011 కరువు నాటికి అక్కడ దాదాపు 5 లక్షల మంది ఉన్నారు. ఆ శిబిరంలో పుట్టి పెరిగినవాళ్ళకు పిల్లలు కూడా అక్కడే పుట్టారు.

అయితే ఏళ్ళ తరబడి సాగడం కన్నా నేను పెద్దగా చూసే విషయం మరొకటి ఉంది: ఆ కుటుంబానికి తిండి ఎవరి చేతి మీదుగా అందుతోంది? ఇది చాలామంది పట్టించుకోరు. కంచె ఉందా లేదా, పోలీసులు ఎంతమంది అనే లెక్కల్లోనే చర్చ తిరుగుతుంది. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే ఆ శిబిరం రేపు ఎటు పోతుందో చాలా మటుకు చెప్పొచ్చు.

గోమా చూడండి. 1994 జులైలో రువాండా నుంచి అక్కడి మెజారిటీ తెగ హుటూలు లక్షల మంది కొద్ది రోజుల వ్యవధిలో అప్పటి జైర్ (ఇప్పటి కాంగో)లోని గోమా పరిసరాలకు చేరారు. వాళ్ళలో మామూలు రైతులున్నారు, మైనారిటీ తెగ టుట్సీలను ఊచకోత కోసిన ఇంటరహామ్వే ముఠాలున్నాయి, ఓడిపోయిన హుటూ ప్రభుత్వ సైన్యమూ ఉంది. కలరా వేల ప్రాణాలు తీస్తోంది, సాయం వెంటనే అందాలి. అంత జనానికి ఎలా పంచాలో తెలియక సహాయ సంస్థలు రువాండాలో ఆ ప్రాంతాలను ఏలిన పాత నాయకుల ద్వారానే రేషన్ ఇచ్చాయి. ఆ నాయకులు లేని మనుషుల పేర్లు జాబితాలో రాయించారు. మిగులు సరుకు అమ్మి డబ్బు చేసుకున్నారు. తమ మాట విననివాళ్ళకు కోత పెట్టారు. ఇంటికి పోతామన్నవాళ్ళను కొట్టారు, చంపారు. ఊచకోత జరిపించినవాళ్ళకే సాయం బలం ఇస్తోందని ఆ నవంబరులో 'సరిహద్దులు లేని వైద్యులు' సహాయ సంస్థ ఫ్రాన్స్ విభాగం శిబిరాలు వదిలి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి రువాండా మీదికి దాడులు సాగాయి. 1996 చివర్లో రువాండా, దాని మద్దతున్న తిరుగుబాటు బలగాలు ఆ శిబిరాలను చెదరగొట్టాయి. 1997 మేలో మొబుటు ప్రభుత్వం కూలిపోయి జైర్ పేరే మారింది. ఆ తర్వాతి యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ సంఖ్య లక్షల్లో ఉంది. 2025 జనవరిలో రువాండా అండ ఉన్న ఎం23 తిరుగుబాటు దళాలు గోమాను పట్టుకున్నప్పుడు కూడా, ఆ పాత హంతకుల వారసులు కాంగోలో ఇంకా ఉన్నారన్నదే రువాండా చెప్పిన కారణం.

శిబిరమంటే యుద్ధమేనని దీన్నిబట్టి అనలేం. అదే 1994 ఏప్రిల్ చివర్లో ఒక్క రోజు వ్యవధిలో రెండున్నర లక్షల మంది రుసుమో వంతెన దాటి టాంజానియా వెళ్ళారు. అక్కడి శిబిరాల్లోనూ హంతకులున్నారు. కానీ టాంజానియా ప్రభుత్వానికి ఆ ప్రాంతం మీద పట్టు ఉంది, పోలీసులున్నారు. జైర్‌లో ప్రభుత్వమే చితికిపోయి ఉంది. ఒకే జనం, ఒకే ఏడాది, రెండు ఫలితాలు.

బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ శిబిరాల్లో ఇదే కథ కొంచెం నెమ్మదిగా జరుగుతోంది. 2017 ఆగస్టు 25 తర్వాత కొన్ని నెలల్లో 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి బంగ్లాదేశ్ చేరారు. ఒక పేద దేశం అంతమందికి తలుపు తీయడం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. కానీ పని చేసే హక్కు ఇవ్వలేదు. శిబిరాల చుట్టూ ముళ్ళకంచె వేశారు. 2019 సెప్టెంబరు నుంచి దాదాపు ఏడాది పాటు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. మొదట్లో శిబిరంలో బ్లాకుకొక మాఝీని, అంటే పెద్దమనిషిని, సైన్యమే పెట్టింది. సరుకుల పంపకం, పేర్ల నమోదు, చిన్నా పెద్దా తగువులు అన్నీ అతని చేతుల్లోనే. తర్వాత ఎవరి కార్డు వాళ్ళకు వచ్చింది, అది మంచి మార్పు. కానీ 2023లో నిధులు తగ్గి మనిషికి నెలకు 12 డాలర్లున్న రేషన్‌ను 8 డాలర్లకు కోశారు. పని చేయడానికి వీల్లేదు, తిండి చాలదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి దారేది? రాత్రయితే సాయుధ ముఠాలదే రాజ్యం. తిరిగి స్వదేశం వెళ్ళే హక్కు కోసం శాంతియుతంగా మాట్లాడిన మొహిబుల్లాను 2021 సెప్టెంబరులో శిబిరంలోనే కాల్చి చంపారు. 2024లో ఆ ముఠాలే యువకులను బలవంతంగా పట్టుకెళ్ళి సరిహద్దు అవతల మయన్మార్‌లోని రఖైన్ యుద్ధంలోకి తోశాయి. కంచె కుర్రాళ్ళను కూలి పనికి పోకుండా ఆపింది, యుద్ధానికి పోకుండా మాత్రం ఆపలేకపోయింది.

ఇక్కడ చాలామంది 1971 గుర్తు చేస్తారు. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది భారత్‌కు వచ్చారు, ఎక్కువమంది శిబిరాల్లోనే ఉన్నారు, వెనక్కి వెళ్ళిపోయారు కదా అని. నిజమే. కానీ యుద్ధం డిసెంబరులో ముగిసింది, వాళ్ళకు సొంత దేశం ఏర్పడింది, 1972 మొదటి నెలల్లోనే అత్యధికులు ఇళ్ళకు చేరారు. తిరుగుదారి నెలల్లో తెరుచుకుంటే శిబిరం చాలు. అప్పుడు కూడా పాకిస్తాన్ సైన్యంతో పోరాడిన ముక్తి బాహినికి యువకులు వచ్చింది ఆ శిబిరాల నుంచే. భారత ప్రభుత్వం దాన్ని ఆపలేదు, ప్రోత్సహించింది. శిబిరం సైనికులను తయారు చేస్తుందనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఇక రెండో దారి. ఉగాండా 2006 చట్టంతో శరణార్థులకు తిరిగే హక్కు, పని చేసే హక్కు ఇచ్చింది. దక్షిణ సూడాన్‌లో 2016 జులైలో మళ్ళీ యుద్ధం రేగాక ఆగస్టులో బిడిబిడి సెటిల్‌మెంట్ తెరిస్తే, ఏడాది చివరికి అక్కడ 2 లక్షల 70 వేల మందికి పైగా చేరారు. చుట్టూ కంచె లేదు. కుటుంబానికి దాదాపు 30 మీటర్లకు 30 మీటర్ల చోటు ఇచ్చారు, గుడిసె వేసుకుని పక్కన జొన్నో చిక్కుడో పెట్టుకోవచ్చు. కావాలంటే రాజధాని కంపాలా వెళ్ళి పని వెతుక్కోవచ్చు. అక్కడా తెగల మధ్య కొట్లాటలు జరిగాయి. కానీ ఓడిపోయిన ఒక సైన్యం మొత్తం జనాన్ని తిండితో గుప్పిట్లో పెట్టుకున్న పరిస్థితి రాలేదు. చేతిలో సొంత పని ఉన్నవాడికి "మాతో రా, లేదంటే నీకు తిండి లేదు" అని బెదిరించడం కష్టం. నా దృష్టిలో అసలు తేడా ఇదే.

ఉగాండాలో అంతా బాగుందని కాదు. ఆ కాస్త నేల ఒక కుటుంబానికి ఏడాది తిండి పెట్టదు. వంటచెరకు కోసం చెట్లు కొట్టేశారని స్థానికులకు కోపం ఉంది. 2018లో వేలిముద్రలతో మళ్ళీ లెక్క తీస్తే, 14 లక్షలన్న శరణార్థులు 11 లక్షలే తేలారు. ప్రతి లేని పేరూ ఎవరి జేబులోకో పోయిన రేషనే. అయితే సాయంలో 30 శాతం స్థానిక ప్రజల బడులకు, ఆసుపత్రులకు, నీళ్ళకు పోవాలన్న నియమం పెట్టుకోవడం వల్ల, బోరు వేసినప్పుడు నీళ్ళు పాత ఊరికీ దొరికాయి. పక్క ఊరి జనాన్ని ఇంతగా తమవైపు ఉంచుకునే ఏర్పాటు ఇంకోటి నాకు కనపడలేదు.

రెండో దారిలో అసలు టెన్షన్ రాజకీయంలో ఉంది. శిబిరం వల్ల వచ్చే నష్టం ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. ఊళ్ళోకి రానిస్తే ఆ సెగ వెంటనే తగులుతుంది, ఓట్లలో కనపడుతుంది. తుర్కియే (టర్కీ)లో ఒక దశలో 36 లక్షల సిరియన్లు ఉన్నారు, నూటికి 95 మందికి పైగా శిబిరాల బయటే. 2016 జనవరిలో వర్క్ పర్మిట్లు తెచ్చారు గానీ దరఖాస్తు యజమానే పెట్టాలి. యజమానులకు చవక కూలీ కావాలి, పర్మిట్ ఎందుకు అడుగుతారు? ఎక్కువమంది దొంగచాటు పనుల్లోనే ఉండిపోయారు. కూలి రేటు తగ్గిందని స్థానిక కార్మికుడు సిరియన్‌ను తిట్టాడు. 2021లో అంకారాలో, 2024లో కయ్‌సేరిలో సిరియన్ల దుకాణాల మీద, ఇళ్ళ మీద దాడులు జరిగాయి. 2023 ఎన్నికల రెండో విడతలో ప్రతిపక్ష అభ్యర్థి శరణార్థులను పంపించేస్తాననే మాటనే ప్రచారంలో ముందు పెట్టారు. లెబనాన్‌దీ ఇలాంటి తప్పే. 1969 కైరో ఒప్పందంతో పాలస్తీనా శిబిరాలు సాయుధ దళాల చేతికి పోవడం, 1975లో అంతర్యుద్ధం రావడం వాళ్ళు మర్చిపోలేదు. అందుకే సిరియన్లకు అధికారిక శిబిరాలు వద్దన్నారు. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ 2015 మేలో పేర్ల నమోదే ఆపించారు. తమ నేల మీద ఎవరున్నారో తమకే తెలియని పరిస్థితి తెచ్చుకున్నారు. ఉండనిచ్చి కాగితం ఇవ్వకపోవడం అన్ని దారుల్లోకీ చెడ్డది.

కొలంబియా దీనికి సరిగ్గా తిరగేసి చేసింది. 2021 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఇవాన్ దుకే వెనెజువెలా నుంచి వచ్చినవాళ్ళకు పదేళ్ళ తాత్కాలిక రక్షణ ప్రకటించారు. వేలిముద్ర, ఫొటో ఇచ్చి పేరు రాయించుకుంటే కార్డు. ఆ కార్డుతో ఎక్కడైనా పని చేయొచ్చు, యజమాని దయ అక్కర్లేదు. కార్డున్న మనిషి తనను దోచుకున్నవాడి మీద పోలీసు స్టేషన్‌కు వెళ్ళగలడు. కార్డు లేనివాడు సరిహద్దులోని ముఠాలు ఏది చెబితే అది చేస్తాడు. భద్రతాధికారులకు ఇంతకన్నా ఉపయోగపడే సమాచారం ఏ కంచె ఇవ్వదు.

"మరి ఉగ్రదాడులు?" అంటారు. 2015 ఏప్రిల్‌లో కెన్యాలోని గరిస్సా విశ్వవిద్యాలయంలో సోమాలియా ఉగ్రవాద సంస్థ అల్ షబాబ్ 148 మందిని చంపింది. రోజుల్లోనే కెన్యా అప్పటి ఉపాధ్యక్షుడు విలియం రూటో మూడు నెలల్లో దాదాబ్ ఖాళీ చేయాలన్నారు. కానీ దాడి చేసినవాళ్ళలో ఒకడు కెన్యా పౌరుడని, న్యాయశాస్త్రం చదివాడని, మండేరాలో ఒక ప్రభుత్వాధికారి కొడుకని ఆ దేశ హోంశాఖే చెప్పింది. 2016లో మళ్ళీ మూసేస్తామంటే 2017 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది.

సరిహద్దు మూసేయడం, మూడో దేశానికి పంపడం గురించి ఒక్క మాట. 2016 జూన్‌లో దాడి జరిగాక జోర్డాన్ సిరియా సరిహద్దు మూస్తే వేల మంది సిరియన్లు అక్కడి రుక్బాన్ ఎడారిలో ఏళ్ళ తరబడి ఇరుక్కున్నారు. శరణు కోరి వచ్చినవాళ్ళను రువాండాకు పంపాలన్న బ్రిటన్ పథకం 2024లో రద్దయింది. లక్షల మంది ప్రశ్నకు ఇవి జవాబులు కావు.

కాబట్టి నన్ను అడిగితే మొదటి వారాలకు శిబిరం, తర్వాత పని హక్కు. ఆయుధాలు సరిహద్దు దగ్గరే దింపించాలి, మనుషులను అక్కడి నుంచి దూరంగా తీసుకెళ్ళాలి. శరణార్థులపై ఆఫ్రికా దేశాలు 1969లో చేసుకున్న ఒప్పందంలో ఈ రెండో మాట రాసే ఉంది. కార్డు ప్రతి ఒక్కరికీ సొంత పేరున ఇవ్వాలి, పర్మిట్‌ను యజమానికి కట్టేయకూడదు, స్థానికుల వాటా మొదటి రోజు నుంచే మొదలవ్వాలి. కెన్యా 2025 మార్చిలో షిరికా ప్రణాళిక పేరుతో దాదాబ్, కకుమా శిబిరాలను మామూలు పట్టణాలుగా మార్చే పని మొదలుపెట్టింది. దాదాబ్‌లో పుట్టినవాడు అనుమతి పత్రం లేకుండా బస్సెక్కి నైరోబీ వెళ్ళి ఉద్యోగం చేసుకోగలుగుతాడా అన్నదాన్ని బట్టే దాని ఫలితాన్ని చూడాలి.