నాలుగేళ్లుగా ఐదుగురం వింటున్న ఒకే ప్లేలిస్ట్, అందులో ఒక సహానా రాగం

కచేరీ రికార్డింగులు వినేవాళ్లు ఎవరైనా సరే పాటల యాప్‌లో అడుగుపెట్టగానే ముందు షఫుల్ (పాటల వరస మార్చేసేది) ఆపుకోండి, మిగతావన్నీ తర్వాత. యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను వాడిన మూడిట్లోనూ ఇదే గొడవ. సౌండ్, రేటు, డౌన్‌లోడ్లు అందరికీ తెలిసినవే.

మేం ఐదుగురం. నేను హైదరాబాద్, బాబాయ్ కాకినాడ, అక్క డల్లాస్, ఇద్దరు ఫ్రెండ్స్ వైజాగ్. ఎవరికి నచ్చింది వాళ్లు ఒకే లిస్ట్‌లో వేస్తాం. మొదటి ఏడాది దీన్ని కనపడినవాళ్లందరికీ చెప్పాను, పాత కేసెట్లు ఇంక అటకెక్కించొచ్చు అని కూడా అన్నాను. ఆ రెండో మాట ఇప్పుడు అనను.

పోయినేడు పుష్య బహుళ పంచమి, త్యాగరాజస్వామి ఆరాధన రోజు సాయంత్రం అందరం ఒకేసారి విందామని కూర్చున్నాం, అక్కకి అక్కడ పొద్దున్న. బాబాయ్ అడిగింది ఒక్కటే, కర్ణాటక సంగీత విద్వాంసుడు ఎం.డి. రామనాథన్ సహానా రాగంలో పాడిన "గిరిపై నెలకొన్న". ఆయన గొంతు సంగతి తెలిసిందే కదా, మంద్రంలో (కింది స్థాయిలో), బాగా నిదానంగా, తొందర అన్నదే ఉండదు. లిస్ట్‌లో అది రెండు ముక్కలుగా ఉంది, ఆలాపన (మాటల్లేకుండా రాగం పాడేది) ఒకటి, కీర్తన ఒకటి. ఆలాపన అయిపోయి చివరి షడ్జం (స) మీద నిలబడ్డాక తంబురా ఒక్కటే వినపడుతోంది, ఇంక పల్లవి ఎత్తుకుంటారు, త్యాగయ్య కొండ మీద రాముణ్ణి చూశానని చెప్పే కీర్తన అది, అందరం ఆ ఎత్తుగడ కోసమే ఉన్నాం, అప్పుడు ఠపీమని ఎవరిదో వయొలిన్, మోహన రాగం, మంచి దూకుడు మీద! షఫుల్ ఎప్పుడు ఆన్ అయిందో నాకే తెలీదు. నేను కంగారుగా వెతుక్కునేలోపు బాబాయ్ ఫోన్ చేశాడు, "ఒరేయ్, నేను నిద్రపోయానా? కీర్తన అయిపోయిందా?" అని. డెబ్బై నాలుగేళ్ల మనిషి, తనే కునుకు తీశాననుకున్నాడు. వెనక్కెళ్లి కీర్తన పెట్టాం, విన్నాం కూడా, కానీ అప్పటికే ఆ సహానా చెదిరిపోయింది, మళ్లీ కుదుర్చుకోవడానికి పదినిమిషాల ఆలాపన ఇంకోసారి వినే ఓపిక ఎవరికీ లేదు. నాకు ఇప్పటికీ బాధే.

ఆ మర్నాడే సెట్టింగుల్లో క్రాస్‌ఫేడ్ కూడా పూర్తిగా తీసేశాను, అది ఆలాపన చివర్ని, కీర్తన మొదటి తంబురాని కలిపేస్తుంది. సినిమా పాటలకి బాగానే ఉంటుందేమో.

ఇంకో కొరత, పక్కవాద్యాల పేర్లు ఉండవు. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నది మనకి సగం కచేరీ. ఇప్పుడు బాబాయ్ తన దగ్గరున్న కేసెట్ల అట్టలు చూసి ఫోన్‌లో చదువుతాడు, నేను లిస్ట్ వివరణలో టైప్ చేస్తాను. ఈ పని ఇంత బాగుంటుందని అనుకోలేదు, ఆదివారం గంట దీనికే. మొన్న "నగుమోము" రెండు పక్కపక్కన పెట్టాం, బాలమురళి గారు శుద్ధ ధైవతంతో (కింది "ద" స్వరం) పాడింది, ఇంకొకరు అందరూ పాడే చతుశ్రుతి ధైవతంతో (దానికంటే కాస్త పై "ద") పాడింది. ఒక్క స్వరం మారితే అంత బెంగ ఎలా వస్తుందో అక్క అప్పుడు మొదటిసారి పట్టుకుంది. "ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకున్నా" అంది. ఒకే ఊళ్లో ఉండుంటే ఒక పెన్‌డ్రైవ్‌తో అయిపోయేది, మేం లేం కాబట్టి ఇది కావాలి.

డబ్బులు కట్టే ప్లాన్ ఉంటేనే తీసుకోండి, ఫ్రీలో నెరవు (కీర్తనలో ఒకే పంక్తిని రకరకాలుగా పాడేది) మధ్యలో యాడ్ వస్తే భరించలేం. మా ఇంట్లో పెద్దాయనకి ఫోన్ పట్టుకోవడం వచ్చు కాబట్టి మాకు నడిచింది, మీ ఇంట్లో సంగతి మీకే తెలియాలి. కేసెట్లు మాత్రం పారేయకండి, లిస్ట్‌లో ఇప్పటికే కొన్ని పాటలు బూడిద రంగులోకి మారిపోయి నొక్కినా పలకట్లేదు. సహానా రెండు ముక్కలూ ఉన్నాయి, ఇవాళ పొద్దున్నే చూసుకున్నా.