గోపాల్‌పూర్ రాత్రి వేటలో ఎర కోసం రెండున్నర సైజు స్క్విడ్ జిగ్: చాలాకాలం వాడాక

ఒడిశాలోని గంజాం తీరంలో గాలం వేసేవారికి, చేతులుండే మెత్తటి సముద్రజీవి స్క్విడ్‌ను మించిన ఎర లేదని నా అభిప్రాయం. రొయ్య నీళ్లలో నాని కొక్కెం నుంచి ఊడిపోతుంది, లేదా పెద్ద చేప వచ్చేలోపే చిల్లర చేపలు కొరికి ఖాళీ చేస్తాయి. స్క్విడ్ ముక్క మాత్రం తోలుముక్కలా కొక్కేన్ని పట్టుకుని ఉంటుంది. బరంపురం బజారులో మంచుపెట్టె అడుగు నుంచి తీసిచ్చే స్క్విడ్ తరచుగా గులాబీ రంగుకు తిరిగి, వాసన పట్టి ఉంటుంది కాబట్టి, గోపాల్‌పూర్ వైపు రాత్రి వేటకు వెళ్లినప్పుడు ఎరను నావలోనే పట్టుకోవడం కొన్నేళ్లుగా నాకు అలవాటయింది. అందుకు నేను వాడుతున్నది రొయ్య ఆకారంలో ఉండే జపాను తరహా జిగ్, అంటే దారానికి కట్టి ఎగరేసే ముళ్ల కృత్రిమ ఎర.

దాని నిర్మాణం తేలికే. ఒంటికి గుడ్డ చుట్టి ఉంటుంది, గడ్డం కింద సీసం ఉంటుంది, తోక దగ్గర రెండు వరుసల సూదిముళ్లు కిరీటంలా పైకి తిరిగి ఉంటాయి. సైజు అంకెలు జపాను కొలత ప్రకారం వేస్తారు. ఒక్కో అంకెకు దాదాపు 3 సెంటీమీటర్లు. అంటే 2.5 సైజు జిగ్ ఏడున్నర సెంటీమీటర్ల పొడవు, సుమారు 10 గ్రాముల బరువు ఉంటుంది. 3.5 సైజు కూడా నా దగ్గర ఉన్నా, మన దగ్గర ఎక్కువగా దొరికే జానెడు స్క్విడ్‌కు చిన్నదే సరిపోతుంది; ప్రవాహం జోరుగా ఉండి జిగ్ అడుగుకు దిగనప్పుడు మాత్రమే పెద్దదాన్ని తీస్తాను.

కొత్తవారు గమనించవలసింది ఏమిటంటే, జిగ్‌ను పైకి లాగేటప్పటికంటే అది మెల్లగా మునిగేటప్పుడే స్క్విడ్ ఎక్కువగా పట్టుకుంటుంది. రెండుసార్లు ఎగరేసి, దారం కొద్దిగా బిగువుగా ఉంచి దిగనివ్వాలి. తగిలినప్పుడు చేప లాగినట్టు గుంజు ఉండదు. దారానికి తడిగుడ్డ తగులుకున్నట్టు బరువు తెలుస్తుంది, అంతే. ముళ్లకు వెనక్కి తిరిగిన మొన ఉండదు కాబట్టి ఒక్క క్షణం వదులైనా అది జారిపోతుంది. మేము వెళ్లే నావ సరంగు ప్రతిసారీ "దారం సడలనీకు బావూ, జారిపోద్ది" అని హెచ్చరించేది ఇందుకే. తరచుగా పొడవాటి రెండు చేతుల్లో ఒకటి మాత్రమే ముళ్లకు చిక్కుతుంది, గట్టిగా గుంజితే అది తెగిపోతుంది. కనుక తొందరపడకుండా ఒకే వేగంతో చుట్టి, నీటి మట్టం దగ్గర ఒక్క నిమిషం ఆపి, అది సిరాను సముద్రంలోనే చిమ్మేశాక చిక్కంతో ఎత్తడం మంచిది. ఈ ఓపిక లేనివారి చొక్కాలు ఏ సబ్బుకూ లొంగవు.

రంగుల విషయంలో దుకాణాలవారి మాటలను నేను పెద్దగా పట్టించుకోను. స్క్విడ్ కంటికి మనలా రంగులు తెలియవని శాస్త్రజ్ఞులు చెబుతారు. వెలుగు, నీడల తేడాయే దానికి ముఖ్యం. చీకటిలో మెరిసే పూత ఉన్న జిగ్‌కు టార్చి చూపించి వేస్తే, అమావాస్య రోజుల్లో తేడా స్పష్టంగా కనిపించింది. వెన్నెల రాత్రి అంతగా కనిపించలేదు. జిగ్‌ను దీపం వెలుగు నడిమధ్యన కాకుండా, వెలుగు ఆగిపోయి చీకటి మొదలయ్యే అంచున వేయాలి, ఎందుకంటే చిన్న చేపలు వెలుగులోకి చేరితే స్క్విడ్ వాటి కోసం ఆ అంచునే కాచుకుని ఉంటుంది. నావలో మామూలుగా ఉండే దీపం ఇందుకు చాలు. కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరులో దేశపు ప్రత్యేక సముద్ర ఆర్థిక మండలంలో (ఈఈజెడ్) కృత్రిమ దీపాలతో చేపల వేటను నిషేధించింది కూడా. పెద్ద దీపాలు, జనరేటర్లు కొనమనే సలహాలు వినకండి.

మన్నిక మాటకొస్తే, మంచి జిగ్‌ను ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెడితే ముళ్లు చాలాకాలం తుప్పు పట్టవు. గుడ్డ మాత్రం చిరుగుతుంది. సావళ్లు (పదునైన పళ్లుండే రిబ్బన్ చేపలు) కొరికితే జిగ్ దారంతో సహా పోతుంది. ఆన్‌లైనులో సగం ధరకు వచ్చిన నకిలీ ఒకటి మొదటి తడికే ముళ్ల మొదట్లో ఎర్రబారింది. పైగా దాని సీసం బరువు కుదరక, ముక్కు కిందికి వాలవలసిన జిగ్ పక్కకు ఒరిగి మునిగేది. అలాంటిదాన్ని స్క్విడ్ తాకి వదిలేస్తుంది తప్ప పట్టుకోదు.

పట్టిన స్క్విడ్ ఒంటిపై గోధుమరంగు చుక్కలు కాసేపు వెడల్పవుతూ, ముడుచుకుంటూ ఉంటాయి. అవి ఆడుతున్నంతసేపు అంతకు మించిన తాజా ఎర ఉండదు. తర్వాత దాన్ని సంచిలో కట్టి మంచుపై ఉంచాలి, కరిగిన మంచునీరు తగలనివ్వకూడదు. వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, సన్నటి కొసన ఒక్కసారే గుచ్చితే నీళ్లలో ఆడుతుంది. పార, గొరక చేపలకు నేను ఇదే వాడతాను.

ఈ జిగ్ ఏడాది పొడవునా పనికొచ్చేది కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం ఎలాగూ ఉంది. రుషికుల్య నది ముఖద్వారం వైపు తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆంక్షలు ఉంటాయి కాబట్టి అటు వెళ్లేముందు విచారించుకోవాలి. వానాకాలంలో నది తెచ్చే బురదనీరు ఒడ్డు దగ్గర కలిసినప్పుడు స్క్విడ్ లోతుకు వెళ్లిపోతుంది. ఆ రోజుల్లో నేను జిగ్ పెట్టె తెరవకుండా బజారు ఎరతోనే సరిపెట్టుకుంటాను.