జియోజెబ్రా స్లైడర్: బస్సు లెక్కలో రెండో జవాబు కోసం

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. సమీకరణం ఇస్తే గ్రాఫ్ గీసి చూపే జియోజెబ్రా గ్రాఫింగ్ యాప్ చాలా కాలంగా నా ఫోన్‌లో ఉంది. యాప్ ఎలా ఉంటుందో చాలామందికి తెలుసు కాబట్టి దాని స్లైడర్ గురించే, అంటే వేలితో జరిపితే ఒక విలువ మారి గ్రాఫ్ కూడా మారే మీట గురించే రాస్తాను. అదీ ఒక్క రకం లెక్క కోసమే.

ఆగి ఉన్న బస్సు 1 మీ/సె² సమత్వరణంతో కదిలింది. దానికి 30 మీటర్ల వెనకున్న ప్రయాణికుడు అదే క్షణంలో 8 మీ/సె స్థిరవేగంతో పరుగు మొదలుపెట్టాడు. ఎప్పుడు అందుకుంటాడు? వర్గ సమీకరణం సాధిస్తే 6, 10 అని రెండు జవాబులొస్తాయి. పిల్లలు తెచ్చే ఒక మెటీరియల్‌లో ఆ 10ని కొట్టేసి ‘వర్తించదు’ అని అచ్చేశారు. ఎందుకో ఒక్క ముక్క లేదు. దీని మీద నాకు నిజంగా కోపం. కాలం రుణాత్మకంగా వస్తే కొట్టేయొచ్చు, 10 సెకన్లు ఏం పాపం చేశాయి?

మొదటి 30 మీటర్ల దూరాన్ని స్లైడర్‌గా పెట్టి, కాలం-దూరం గ్రాఫ్‌లో ప్రయాణికుడికి సరళరేఖ, బస్సుకు పరావలయం అనే వంపు గీత గీసి ఫోన్ ఒక అమ్మాయి చేతికిచ్చాను. 30 దగ్గర రెండు ఖండన బిందువులు కనిపించాయి. “ఆరో సెకనులో ఎక్కకుండా పరిగెడుతూనే ఉంటే, పదో సెకనులో బస్సే అతన్ని దాటేస్తుందా సార్?” అంది. అంతే! అప్పటికి ఇద్దరూ అతను పరుగు మొదలుపెట్టిన చోటి నుంచి 80 మీటర్ల దగ్గరే ఉంటారు. తర్వాత తనంతట తనే దూరం మారుస్తూ పోయింది. 14 మీటర్లకు 2, 14 సెకన్లు. 24కి 4, 12. ఎప్పుడు కూడినా 16 వస్తోందని నేను చెప్పకముందే పట్టేసింది. స్లైడర్‌ను 32కి జరపగానే రెండు చుక్కలూ 8వ సెకను దగ్గర ఒకటైపోయాయి, రేఖ పరావలయాన్ని తాకి వదిలేసింది. ఆ క్షణంలో బస్సు వేగం కూడా సరిగ్గా 8 మీ/సె. 33 పెడితే మీటరు దూరం దాకా వెళ్లి మళ్లీ వెనకబడిపోతాడు. “వేగాలు సమానమయ్యేలోపు అందకపోతే ఇక అందదు కదా సార్” అంది. మెటీరియల్‌లో ‘వేగం వర్గం = 2 × త్వరణం × దూరం’ అని బట్టీ పట్టించే సూత్రం అదే. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ ఊపులో తల్లిదండ్రులందరికీ ఈ యాప్ వేయించమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పడం లేదు. స్లైడర్ జరిపినంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ప్రయాణికుడు 2 సెకన్లు ఆలస్యంగా బయల్దేరాడంటే మాత్రం కొందరి పెన్ను ఆగిపోతుంది. పరుగు దూరం ‘8 × (కాలం − 2)’ అని తట్టదు. అందుకే ముందు నోట్‌బుక్‌లో చేత్తో గీయిస్తాను, యాప్ ఆ తర్వాతే.

ఇంకో చికాకు, మొదట రెండు అక్షాలకూ ఒకే స్కేలు ఉంటుంది. 16 సెకన్లు కనబడేలా పెడితే 80 మీటర్లు తెర పైకి పోతాయి. స్కేలు మార్చుకోవచ్చు గానీ, నేనిప్పుడు ఇద్దరి మధ్య దూరాన్నే ఒక్క వక్రంగా గీస్తున్నాను. అది కాలం అక్షాన్ని తాకితే అందుకున్నట్టు. సాపేక్ష వేగం పాఠానికి కూడా ఇదే పనికొస్తుంది.

మా బ్యాచ్‌లో పిల్లలు తక్కువ, ఒక ఫోన్ చుట్టూ కూర్చుని చూడగలరు. పెద్ద సెక్షన్‌కైతే ప్రొజెక్టర్ ఉండాల్సిందే. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అక్కడ సూత్రం చేతిలో ఉండాలి. కాబట్టి పరీక్ష దగ్గరపడ్డాక నేనే దీన్ని పక్కన పెడతాను. ఫస్టియర్ మొదట్లో, తీరిక ఉన్నప్పుడు, మా పిల్లలకైతే తప్పకుండా చూపిస్తాను.