వైజాగ్ తల్లిదండ్రులకు హెచ్చరిక: తల్లుల గ్రూపు చూపించి అమ్మే హోమ్ ప్రోగ్రామ్ కొనకండి

పిల్లలకు ఇంట్లోనే థెరపీ చేయించే ప్యాకేజీ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. ఆటిజం, స్పీచ్ డిలే, ఏడీహెచ్‌డీ, ఏదైనా సరే. వైజాగ్‌లో ఆరు నెలల హోమ్ ప్రోగ్రామ్‌ని 42,000 రూపాయలకు అమ్ముతున్నారు. పేరు ఇక్కడ రాయను. రోజూ వాళ్ళ రీల్స్ చూసేవాళ్ళకు చదువుతుంటేనే ఎవరో తెలిసిపోతుంది. నేను ఇంకా కోపంలోనే ఉన్నాను. కానీ రాసే ప్రతి మాటకీ నా ఫోన్‌లో రుజువు ఉంది.

మా బాబుకి నాలుగేళ్ళు. ఆటిజం. మాటలు ఇంకా రాలేదు. మేం గాజువాకలో ఉంటాం, మేం చూపించుకునే సెంటరేమో సిటీలో. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బస్సు ఆగితే హారన్ల మోతకి చెవులు మూసుకుని ఏడ్చేవాడు, సెషన్‌కి చేరేసరికే అలిసిపోయేవాడు. మా ఆయనవి షిఫ్టు డ్యూటీలు. అందుకని హోమ్ ప్రోగ్రామ్ వైపు చూశాం.

హోమ్ ప్రోగ్రామ్ అనే పద్ధతి మీద నాకు కోపం లేదు. పిల్లాడు సెంటర్‌లో ఉండేది గంటసేపు, మిగతా రోజంతా మన దగ్గరే. స్నానం చేయించేటప్పుడు, టిఫిన్ పెట్టేటప్పుడు, చెప్పులు తొడిగేటప్పుడు మనం నేర్పేది చాలా ఉంటుంది. ఎదుగుదల ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి శిక్షణ తయారుచేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. సరిగ్గా చేసేవాళ్ళయితే ముందు పిల్లాణ్ణి దగ్గర పెట్టుకుని చూస్తారు, ఇప్పుడు ఏమేం చేయగలుగుతున్నాడో రాసుకుంటారు, మూడో నాలుగో గోల్స్ పెడతారు, మనం చేస్తుంటే చూసి దిద్దుతారు, పనిచేయనిదాన్ని మారుస్తారు. మాకు అమ్మేటప్పుడు ఇవన్నీ చేస్తామనే చెప్పారు.

నేను డబ్బు కట్టింది మాత్రం వాళ్ళ తల్లుల గ్రూపు చూసి. కట్టకముందే కొన్నాళ్ళు మనల్ని ఆ వాట్సాప్ గ్రూపులో ఉంచుతారు. ఇంట్లో బాబు సంగతి ఎత్తితే 'మగపిల్లలకి మాటలు లేటుగానే వస్తాయి, వాళ్ళ మావయ్యకీ అంతే' అంటారు. అపార్ట్‌మెంట్‌లో 'ఫోన్ ఎక్కువ చూపించావా' అని అడుగుతారు. ఆ గ్రూపులో ఎవరికీ ఏదీ మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేదు. ఒకావిడ కొడుకు నీలం ప్లేటులో పెడితేనే తింటాడు. ఇంకొకావిడ కూతురికి గోళ్ళు తీయాలంటే నిద్రపోయాకే. మధురవాడ అక్క ఒక రాత్రి 'ఈరోజు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూశాడు' అని రాస్తే, ఆ పిల్లాణ్ణి ఎప్పుడూ చూడని నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఇంతమంది తోడు దొరుకుతుంటే డబ్బు గురించి ఎందుకు ఆలోచించాలి అనుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారు. ఆ గ్రూపుని వాళ్ళు పెట్టిందే అందుకు.

డబ్బు కట్టాక అసెస్‌మెంట్ అని ఒక ఆన్‌లైన్ ఫామ్ పంపారు. బాబుని ఎవరూ చూడలేదు. తర్వాత రంగురంగుల పీడీఎఫ్ వచ్చింది. అందులో అడగడం నేర్పించే భాగంలో ఇలా ఉంది: పిల్లాడు 'నీళ్ళు' అనే వరకు గ్లాసు ఇవ్వకూడదు, ఎంత ఏడ్చినా లొంగకూడదు.

అది మే నెల. సముద్రం పక్కన మే నెల ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు తెలుసు. వాడు గ్లాసు వైపు వేలు చూపించాడు. నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్ళాడు. నేను ప్లాన్‌లో రాసినట్టే 'నీళ్ళు, నీళ్ళు' అంటూ గ్లాసు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. చివరికి వాడు తన చెయ్యి తనే కొరుక్కున్నాడు. మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి 'గుంటడికి దాహమేస్తే నీళ్ళివ్వడానికి కూడా కాయితం సూడాలేటి?' అన్నారు. గ్లాసు ఇచ్చేశాను. మొత్తం తాగి, ఖాళీ గ్లాసు మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

ఆ రాత్రి గ్రూపులో రాశాను: 'మేడమ్, నీళ్ళ విషయంలో ఇలా ఆపడం నా వల్ల కాలేదు, బాబు చెయ్యి కొరుక్కున్నాడు. వేరే పద్ధతి ఏమైనా ఉందా?' అంతకు మించి ఒక్క మాట లేదు. ప్రోగ్రామ్ నడిపే మేడమ్ నాకు విడిగా ఫోన్ చేయలేదు. బాబు ఎలా ఉన్నాడని అడగలేదు. అందరూ వినేలా గ్రూపులోనే వాయిస్ మెసేజ్ పెట్టింది. మాటలు మార్చకుండా రాస్తున్నాను:

'మీ అబ్బాయికి ఆటిజం కంటే పెద్ద సమస్య మీరేనమ్మా. మీ జాలి వల్లే వాడికి మాటలు రావడం లేదు. మిగతా తల్లులు విని నేర్చుకోండి, తల్లి ఎలా ఉండకూడదో.'

ఇంకోసారి చదవండి. నాలుగేళ్ళ పిల్లాడికి మంచినీళ్ళు ఇచ్చినందుకు ఈ మాట. నాలాంటి తల్లులందరి మధ్యలో, నేను దాచుకోవలసింది ఏమీ లేదనుకున్న ఒకే ఒక్క చోట. అమెరికాలో 1950ల్లో, 60ల్లో తల్లి మనసు చల్లగా ఉండటం వల్లే పిల్లలకు ఆటిజం వస్తుందని పెద్ద పెద్ద డాక్టర్లే చెప్పేవారు. అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. అప్పుడు ప్రేమ చాలలేదని తల్లిని అన్నారు, ఇప్పుడు ఈవిడ ఎక్కువైందని అంటోంది. ఎటు తిరిగినా నింద తల్లి మీదే. బాబుకి ఆటిజం అని తెలిసిన రోజు నుంచి ప్రతి తల్లీ లోపల్లోపల భయపడేది ఈ మాటకే. నా వల్లేనా, నేనేమైనా చేశానా అని. ఆ భయం ఎక్కడుంటుందో ఆవిడకి బాగా తెలుసు, రోజూ తల్లులతోనే పని కదా. సరిగ్గా అక్కడే కొట్టింది.

పెందుర్తి నుంచి ఒక చెల్లి వెంటనే 'నేనూ నీళ్ళు ఇచ్చేశాను అక్కా, మీరు ఏడవకండి' అని పెట్టింది. నేను చదువుతుండగానే ఆ మెసేజ్ మాయమైంది. అడ్మిన్ డిలీట్ చేసినట్టు దాని చోట కనిపించింది. ఆ తర్వాత అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి లేకుండా గ్రూపుని మూసేశారు. ఒకరికొకరు తోడుంటారని చెప్పి డబ్బు కట్టించుకున్నవాళ్ళు, ఒక తల్లి ఇంకో తల్లిని ఓదారిస్తే ఓర్చుకోలేకపోయారు.

మర్నాడు మా ఆయన డ్యూటీలో ఉండగా ఆయనకి ఫోన్ చేశారు. 'మేడమ్ ఎమోషనల్‌గా బాగాలేరు సార్, పేరెంట్ కౌన్సెలింగ్ కూడా తీసుకోండి, 8,000 అవుతుంది' అన్నారు. నా గురించి, నాకు తెలియకుండా, నా భర్తకి! ఆయన 'మా ఆవిడ బాబుకి నీళ్ళు ఇచ్చిందండీ, దానికి కౌన్సెలింగ్ దేనికి' అని ఫోన్ పెట్టేశారు. మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇవ్వమని నేను రాసి అడిగాను. జవాబు రాలేదు. గ్రూపులోంచి మాత్రం తీసేశారు.

పెందుర్తి చెల్లి నంబర్ నా దగ్గర ఉంది. ఆమె ద్వారా ఇంకొంతమంది దొరికారు. ఒక ఆదివారం శివాజీ పార్కులో పిల్లల్ని ఆడించుకుంటూ అందరి ప్లాన్లూ పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటే పీడీఎఫ్. పైన పిల్లల పేర్లు మాత్రం మార్చారు. మాటలు రాని మా వాడికీ, గడగడా మాట్లాడే ఏడేళ్ళ పాపకీ అదే నీళ్ళ పేజీ. ఆ పాప వాళ్ళమ్మ 'మా పాప లేవగానే మంచినీళ్ళు కావాలి అని అడుగుతుంది, ఇది ఎందుకు పెట్టారా అనుకున్నాను' అంది. మా బాబు గోల్స్‌లో గౌను హుక్కులు పెట్టుకోవడం ఉంది. ఇంకొకరి ప్లాన్‌లో అయితే మధ్యలో వేరే పిల్లాడి పేరు అలాగే ఉండిపోయింది. 'మీ బాబుని బట్టి మా టీమ్ ప్రత్యేకంగా తయారుచేస్తుంది' అని చెప్పి ఇచ్చిన ప్లాన్లు ఇవి.

అక్కడ కూర్చుని మాట్లాడుకుంటుంటే ఇంకోటి తెలిసింది. ఈ ప్రోగ్రామ్ వల్ల మాకు పనికొచ్చినవన్నీ తల్లులు చెప్పినవే. స్నానం చేయించాక గోళ్ళు మెత్తబడతాయి, అప్పుడు తీయమన్నది ఒక అక్క. బస్సులో చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టమన్నది ఇంకొకరు. తర్వాత ఏం జరగబోతోందో బొమ్మల్లో చూపిస్తే గొడవ తగ్గుతుందని చెప్పింది మధురవాడ అక్క. వీళ్ళెవరూ పైసా తీసుకోలేదు. మమ్మల్ని మాకే అమ్మి 42,000 తీసుకున్నారు.

నీళ్ళ సంగతి తర్వాత ఒక స్పీచ్ థెరపిస్టుని అడిగాను. ఆవిడ ముందు బాబుతో కింద కూర్చుని కాసేపు ఆడింది. వేలు చూపించడం, చెయ్యి పట్టి లాగడం కూడా అడగడమేనని చెప్పింది. అలా అడిగినప్పుడు మనం 'నీళ్ళు' అని పలికి, వాడివైపు చూస్తూ కొద్ది క్షణాలు ఆగి, వాడు పలికినా పలకకపోయినా ఇచ్చేయాలట. గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తెచ్చి ఇచ్చినా సరే. కార్డులకి అలవాటుపడితే మాటలు రావని చాలామంది భయపడతారు, అది నిజం కాదంది. తిండి, నీళ్ళు ఆపి మాటలు రాబట్టాలని చూడొద్దని గట్టిగా చెప్పింది. ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఆ కార్డు ఉంది, దాహమేస్తే తీసుకొస్తున్నాడు.

ఇక ఆ ప్రోగ్రామ్ మేడమ్ చదువు. ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ నంబర్ అడిగితే 'మాది ఇంటర్నేషనల్ సర్టిఫికేషన్' అన్నారు. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉండాలి. 1992లో దీనికోసమే చట్టం చేశారు. రిజిస్టర్‌లో ఒక్కొక్కరికీ ఒక నంబర్ ఉంటుంది, దాన్నే సీఆర్ఆర్ నంబర్ అంటారు, నిజంగా ఉన్నవాళ్ళు అడగ్గానే చెప్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ రిజిస్టర్‌లోకి రారు, వాళ్ళని డిగ్రీ అడగండి. ఆన్‌లైన్‌లో చేసిన చిన్న కోర్సు సర్టిఫికెట్‌ని ఫ్రేమ్ కట్టి వీడియోలో వెనకాల పెట్టుకుంటే అది రిజిస్ట్రేషన్ అయిపోదు.

బిల్లు కూడా ఇవ్వలేదు. యూపీఐ స్క్రీన్‌షాట్ చాలన్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి ఇది పెద్ద దెబ్బ. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్న పిల్లలకి అందులో ఏడాదికి లక్ష రూపాయల వరకు కవర్ ఉంటుంది, థెరపీలకి కూడా ఒక పరిమితి మేరకు డబ్బు వస్తుంది. బిల్లు లేకపోతే క్లెయిమ్ చేసుకోలేం. నిరామయ గురించి చాలామందికి తెలియనే తెలియదు, వైకల్య సర్టిఫికెట్ ఉంటే తప్పకుండా కనుక్కోండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ వీడియోల గురించి. వారం వారం రివ్యూ కోసం అని వీడియోలు పంపించమన్నారు. స్నానం, బట్టలు మార్చుకోవడం కూడా. డిలీట్ చేశామని రాతపూర్వకంగా చెప్పమంటే ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు. డబ్బు పోతే పోయింది, నా కొడుకు వీడియోలు వాళ్ళ దగ్గర ఎందుకుండాలి? ఎవరు ఎంత మంచిగా మాట్లాడినా అలాంటి వీడియోలు పంపకండి.

కొనాలనుకునేవాళ్ళు సీఆర్ఆర్ నంబర్, బిల్లు, మధ్యలో మానేస్తే డబ్బు సంగతి, ఈ మూడూ కట్టకముందే రాతలో అడగండి. పిల్లాణ్ణి చూడకుండా ప్లాన్ ఇస్తామంటే వద్దనేయండి. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందు ప్రభుత్వ ఆస్పత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందుగా గుర్తించి సాయం చేసే జిల్లా కేంద్రం) గురించి అడగండి, ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే ఆ కేంద్రాల్లో సేవలు ఉచితం. అమ్మేవాళ్ళు అడ్మిన్లుగా ఉన్న గ్రూపులో ఉంటే, మీకు దగ్గరైన తల్లుల నంబర్లు ఈరోజే విడిగా సేవ్ చేసుకోండి.

ఇప్పటికే కట్టినవాళ్ళు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మేం కొందరం కలిసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే కమిషన్‌లో ఫీజు ఉండదు, రెండేళ్ళ లోపు వేయాలి. గ్రూపులోంచి తీసేసినా పాత చాట్ మీ ఫోన్‌లోనే ఉంటుంది, డిలీట్ చేయకుండా ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. వాయిస్ మెసేజ్‌లు, ప్లాన్ పీడీఎఫ్, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ కూడా. మీ పిల్లల ప్లాన్‌లో నీళ్ళ పేజీ ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, పిల్లల పేర్లు చెరిపేసి పంపితే చాలు.