వారం షీటు: నాలుగు సెమిస్టర్లు వాడాక

ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ కోర్సులో చేరిన మొదటి వారమే ఓ టైమ్‌టేబుల్ వేశాను. సోమవారం నుంచి ఆదివారం దాకా గంటకో గడి, సబ్జెక్టుకో రంగు. డేటాబేస్‌కి నీలం, సిస్టమ్స్ అనాలిసిస్‌కి ఆకుపచ్చ, వెబ్ ప్రోగ్రామింగ్‌కి నారింజ. గోడకి అంటిస్తే చూడముచ్చటగా ఉంది. బుధవారంతో దాని పని అయిపోయింది. మధ్యాహ్నం రెండు నీలం గడుల్లో అయిపోవాల్సిన ల్యాబ్ రాత్రి పదకొండుకి కూడా తెమల్లేదు. ఆకుపచ్చ గడులన్నీ దాని కింద నలిగిపోయాయి. ఒక గడి కదిపితే దాని వెనకున్నవన్నీ కదపాలి. ఆ ఓపిక రెండో వారం దాటలేదు.

తర్వాత క్యాలెండర్ యాప్ వాడాను. కార్డులు అటూ ఇటూ జరుపుకునే బోర్డు వాడాను. ఒక నోట్స్ యాప్‌లో ఆదివారం పూటంతా కూర్చుని టెంప్లేట్ తయారుచేశాను (ఆ రోజు చదివింది మాత్రం సున్నా). చివరికి నా దగ్గర నిలిచింది మామూలు స్ప్రెడ్‌షీటు. నాలుగు సెమిస్టర్లు, అంటే దాదాపు 60 వారాలు దాన్నే వాడాను. ఐదో సెమిస్టర్‌లో జూనియర్ల ల్యాబ్‌కి అసిస్టెంటుగా ఉన్నప్పుడు వాళ్ళ చేత కూడా వాడించాను. మెచ్చుకోవడమైనా తిట్టుకోవడమైనా ఆ వాడకం మీదే.

ముందు షీటులో ఏముందో చెప్తాను. పనికో వరస. పని పేరు, ఎప్పటిలోగా ఇవ్వాలి, ఎన్ని మార్కులు, ఎన్ని గంటలు పడుతుందనుకున్నాను, నిజంగా ఎన్ని పట్టాయి, తేడా ఎందుకొచ్చింది. మొత్తం ఆరు కాలమ్‌లు. ఏ గంటకి ఏం చేయాలో ఇది చెప్పదు. ఈ వారం నెత్తిన ఎంత బరువుందో చెబుతుంది, అంతే. మొదటి నాలుగు కాలమ్‌లు ఎవరైనా రాసుకుంటారు. నన్ను గట్టెక్కించింది చివరి రెండు.

అయితే వరసలు నింపేముందు ఒక గుణకారం చేసుకోవాలి. సిలబస్‌లో క్రెడిట్లు అని ఉండే అంకె ఏదో మార్కులకి సంబంధించినదనుకునేవాణ్ని. నిజానికి అది గంటల లెక్క. యూరప్ పద్ధతిలో పూర్తికాలం చదువుకి ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. అంటే 6 క్రెడిట్ల డేటాబేస్ కోర్సుకి మొత్తం 150 నుంచి 180 గంటలు. 15 వారాలకి పంచితే వారానికి 10 నుంచి 12. అమెరికా పద్ధతిలో ఒక క్రెడిట్‌కి వారానికి ఒక గంట క్లాసు, కనీసం రెండు గంటల బయటి పని. 3 క్రెడిట్ల కోర్సుకి 9 గంటలు, అలాంటివి ఐదుంటే 45. మీ సిలబస్ ఏ లెక్కన ఉందో చూసుకుని మీరే వేసుకోండి. నేను వేసుకునేసరికి 45 గంటల చదువు తేలింది. పార్ట్‌టైమ్ ఉద్యోగం, ప్రయాణం పోగా నా వారంలో మిగిలేవి 30. అప్పటిదాకా నాది బద్ధకమేమో అనుకుంటున్నాను. ఒక కోర్సు వదిలేసి, ఉద్యోగంలో ఒక షిఫ్టు తగ్గించుకున్నాను. అప్పటికి షీటులో ఒక్క వరస కూడా రాయలేదు, అయినా దాని వల్ల మేలు అక్కడే జరిగిపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మూడో వారం డేటాబేస్ ల్యాబ్. మూడు సీఎస్‌వీ ఫైళ్ళు (కామాలతో విడదీసి రాసిన పట్టికలు) ఇచ్చారు: కస్టమర్లు, ఆర్డర్లు, సరుకులు. టేబుళ్ళు తయారుచేయాలి, డేటా ఎక్కించాలి, ఐదు క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) రాయాలి, రిపోర్టు పెట్టాలి. మూడు గంటలు అని రాసుకున్నాను: క్వెరీలకి రెండు, రిపోర్టుకి ఒకటి. పట్టింది ఏడున్నర. ఆ వరసలో కారణం కాలమ్ ఇలా ఉంది, అప్పుడు రాసింది రాసినట్టు ఇస్తున్నాను:

"సర్వర్ లేవలేదు. 3306 పోర్టు ఖాళీ లేదంటుంది. ఎప్పుడో వేసి మర్చిపోయిన పాత మైఎస్‌క్యూఎల్ వెనక నడుస్తోంది. 1 గం. 20 ని. తేదీలు: ఫైల్లో రోజు, నెల, ఏడాది. దీనికేమో ఏడాది, నెల, రోజు కావాలి. 50 ని. 1452 ఎర్రర్: ఆర్డర్ల టేబుల్ ముందు నింపాను, కస్టమర్ల టేబుల్ ఖాళీగా ఉంది, ఫారిన్ కీ ఒప్పుకోదు. 1 గం. 40 ని. క్వెరీలు 2 గం. 10 ని. రిపోర్టు, స్క్రీన్‌షాట్లు 1 గం. 30 ని."

(మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నడిపే సాఫ్ట్‌వేర్, 3306 అది మాట్లాడే దారి నంబర్. ఫారిన్ కీ అంటే ఒక టేబుల్‌లో రాసిన విలువ ఇంకో టేబుల్‌లో ముందే ఉండాలన్న కట్టుబాటు.) ఇది రెండోసారి చదువుకున్నప్పుడు గానీ నాకు వెలగలేదు. క్వెరీలకి రెండు గంటలనుకున్నాను, పది నిమిషాలే ఎక్కువ పట్టింది. చదువు మీద నా అంచనా బాగానే ఉంది. దెబ్బ తిన్నది ప్రశ్నలో ఎక్కడా రాయని పనుల దగ్గర. సర్వర్ లేపడం, తేదీలు మార్చడం, ఏ టేబుల్ ముందు నింపాలో తెలుసుకోవడం. వీటికి మార్కులు లేవు, సిలబస్‌లో చోటు లేదు, కానీ సగం రాత్రి వీటికే పోయింది. ఈ కోర్సులో ప్రతి సబ్జెక్టుకీ ఇలాంటి కనబడని పని ఉంటుంది. అచ్చంగా చదివే సబ్జెక్టులకీ దీనికీ తేడా ఇక్కడే. పుస్తకం తెరిస్తే తెరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆ గ్యారంటీ లేదు.

అంచనా తప్పడం నా ఒక్కడి జబ్బు కాదు. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్స్కీ 1979లోనే దీని గురించి రాశారు: మన పని ఎంతలో అవుతుందో లెక్కేసేటప్పుడు అంతా సాఫీగా జరుగుతుందన్నట్టే ఊహించుకుంటాం, ఇంతకుముందు అలాంటి పనులకి ఎంత పట్టిందో పక్కన పెట్టేస్తాం. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎప్పటికి పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని రోజులంటే 49 దాకా వెళ్ళారు. చివరికి పట్టింది 55 పైనే. భయపడుతూ చెప్పిన అంకె కూడా చాల్లేదన్నమాట. అందుకే నేను ముందుకి చూసి ఊహించడం మానేసి, వెనక్కి చూసి గుణించడం మొదలుపెట్టాను.

ఒక సెమిస్టర్ నిండాక ఏ రకం పని ఎన్ని రెట్లవుతుందో షీటే చెప్పింది. పాఠాలు చదవడం అనుకున్నంతే పడుతుంది. తెలిసిన ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష) రాయడం ఒకటింబావు రెట్లు. గ్రూపు పని రెండు రెట్లు. కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోవడం కళ్ళు మూసుకుని మూడు రెట్లు. ఈఆర్ డయాగ్రమ్‌ది ఇంకో కథ (ఏ సమాచారం దేనితో ముడిపడి ఉందో చూపించే బొమ్మ అది). గీయడం గంటే. కానీ విద్యార్థులకీ కోర్సులకీ మధ్య నేరుగా గీత గీసేసి, మర్నాడు టేబుళ్ళు రాస్తుంటే అప్పుడు తెలుస్తుంది, ఒక విద్యార్థికి చాలా కోర్సులు, ఒక కోర్సుకి చాలామంది విద్యార్థులు, మధ్యలో నమోదుల టేబుల్ ఒకటి ఉండాలని. మళ్ళీ డయాగ్రమ్ దగ్గరికి. ఇది నాకు మూడుసార్లు జరిగింది. ఇప్పుడు డయాగ్రమ్‌ని షీటులో రెండు వరసలుగా రాస్తాను, వేరువేరు రోజులకి. ఒకటి గీయడానికి, ఒకటి తప్పు తెలిశాక మార్చడానికి. ఇవి నా అంకెలు సుమండీ, మీకు సరిపోవాలని లేదు. మీవి తేలాలంటే ఐదారు వారాలు నింపాల్సిందే.

మార్కుల కాలమ్ మొదట్లో లేదు. చర్చ కోసం రాసే ఒక పోస్టుకి రెండు మార్కులు, దాని మీద మూడు గంటలు కూర్చున్నాను. అదే వారం ఇరవై మార్కుల రిపోర్టుకి మిగిలింది రెండు గంటలు. కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే. ఆ రాత్రే కాలమ్ పెట్టాను.

గంటలతో తేలని పనులూ ఉన్నాయి. సిస్టమ్స్ అనాలిసిస్‌లో ఒక అసలు వాడకందారుణ్ని కలిసి, అతనికేం కావాలో అడిగి రాసుకురావాలి. మాట్లాడేది ముప్పావు గంట. కానీ మెయిల్ పెట్టి, జవాబు కోసం చూసి, ఒకసారి వాయిదా పడి, చివరికి కూర్చునేసరికి తొమ్మిది రోజులు. గంటల కాలమ్‌లో 45 నిమిషాలు అని నిశ్చింతగా ఉంది, నాకేమో టెన్షన్. ఇలాంటి పనులకి పేరు పక్కన ఒక చుక్క పెట్టడం అలవాటు చేసుకున్నాను. చుక్క ఉన్న పని ఎంత చిన్నదైనా సోమవారం పొద్దున్నే కదపాలి. మనం పట్టుకుని కూర్చుంటే అయ్యే పని వేరు, అవతలివాళ్ళు కదిలితే గానీ కదలని పని వేరు. షీటు తనంతట తాను ఈ తేడా చూపించదు. ఇది దాని పెద్ద లోపం.

రెండో లోపం గ్రూపు ప్రాజెక్టు. ఐదుగురం ఉండేవాళ్ళం. ఐదుగురంటే ఇద్దరిద్దరి మధ్య మాటలకి పది దారులు. పదకొండో వారంలో, ఇంకో గ్రూపు విడిపోయిందని ఒకతన్ని మాలో కలిపారు. ఆరుగురికి దారులు పదిహేను. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోకి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే అన్నాడు. ఆ మాట మాకు అంతకు ముందు వారమే పాఠంగా చెప్పారు. వచ్చినతను మంచివాడే, పనిమంతుడు కూడా. కానీ రెండు మీటింగులు మేం ఎక్కడున్నామో అతనికి చెప్పడానికే సరిపోయాయి. షీటుని అందరం కలిసి వాడదామని చూశాం. ముగ్గురు దాన్ని ఆదివారం రాత్రి ఒకేసారి నింపేవాళ్ళు, అనుకున్న గంటలూ పట్టిన గంటలూ ఒక్కటే. అంత కచ్చితంగా బతికేవాళ్ళని నేనింకెక్కడా చూడలేదు.

గ్రూపులో పనిచేసింది ఒకటే ఉపాయం. ఆదివారం అర్ధరాత్రి గడువైతే మా గడువు శుక్రవారం సాయంత్రం. అందరి కోడ్ శుక్రవారానికి ఒక్కచోట చేరాలి. ఎందుకంటే ఎవరి ముక్క వాళ్ళ దగ్గర బ్రహ్మాండంగా నడుస్తుంది, కలిపాకే గొడవ. ఒకరు కస్టమర్ నంబర్‌ని అంకెగా పెట్టారు, ఇంకొకరు అక్షరాలుగా. ఏనుగు దూరింది, తోక చిక్కింది. ఆ తోకకి శనివారం మొత్తం కావాలి.

చిన్న చిరాకులు కూడా చెప్పేస్తాను. పట్టిన గంటలు అప్పటికప్పుడు రాయకపోతే మర్నాటికి గుర్తుండవు. నిమిషాలతో సహా రాయాలని మొదట్లో పట్టుపట్టాను, తర్వాత అరగంటకి సర్దుకున్నాను. మిడ్‌టర్మ్ వారంలో, చివరి వారంలో షీటు తెరిచే మొహమే ఉండదు, తెరవకపోయినా నష్టం లేదు. రాత్రి పదికి కూర్చునే గంటా, పొద్దున ఆరుకి కూర్చునే గంటా దానికి ఒకటే, నాకు కాదు. ఒక వారం జ్వరం వస్తే, వెనకబడ్డానని చూపించే ఎర్ర అంకెలు చూసి ఇంకో వారం దాని జోలికి పోలేదు. వారానికి ఒకట్రెండు పనులే ఉన్నవాళ్ళకి ఇదంతా అనవసరం, ఒక కాగితం ముక్క చాలు. ఐదుకి ఎన్నిస్తావంటే మూడున్నర ఇస్తాను. ఒంటరి పనికి నాలుగున్నర, గ్రూపుకి రెండున్నర, అలా కలిపి.

జూనియర్లు షీటు తీసుకుని ముందు తీసేసేది కారణం కాలమ్. రాయడానికి బద్ధకం, చదవడానికి సిగ్గు. ఒకమ్మాయి మాత్రం ఉంచుకుంది. నాలుగు వారాలు వరసగా అందులో "నా తెలివితక్కువతనం" అని రాసింది. ఒకరోజు పక్కన కూర్చుని తన ల్యాప్‌టాప్‌లో చూశాను. నాలుగుసార్లూ జరిగింది ఒకటే. ల్యాబ్ మెషీన్లలో ఉన్న వెర్షన్ వేరు, తన దగ్గర ఉన్నది వేరు. ల్యాబ్‌లో నడిచిన కోడ్ ఇంట్లో నడవదు. తను దాన్ని తప్పుగా రాశాననుకుని మొత్తం మళ్ళీ మళ్ళీ రాసేది. అలాంటి షీట్లు ఇంకో ఆరు పోగుచేసి మా ప్రొఫెసర్ గారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి కారణాలన్నీ ఒక్కొక్కటిగా చదివారు. తర్వాతి బ్యాచ్‌కి మొదటి ల్యాబ్ మార్చేశారు. డేటాబేస్ పని ఏమీ లేదు, మార్కులూ లేవు. అందరూ ఒకే వెర్షన్ వేసుకోవాలి, సర్వర్ లేపాలి, ఒక టేబుల్ నింపి చూపించి వెళ్ళాలి.

వచ్చే సెమిస్టర్ షీటు నిన్న రాత్రి తెరిచాను. క్లాసులు ఇంకా మొదలవలేదు, కానీ ఒక వరస అప్పుడే రాసిపెట్టుకున్నాను. డేటా వేర్‌హౌస్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం. గంటలో అయిపోతుందనిపించింది. మూడని వేశాను.