బెజవాడలో పీఎస్5 గేమ్ ఐడీలు కొనేవాళ్లు జాగ్రత్త!

గవర్నర్‌పేటలో మెట్లెక్కి వెళ్లే ఆ గేమ్ షాపు గురించే రాస్తున్నా. పేరు రాయను, ఇక్కడ పీఎస్5 (సోనీ గేమ్ మెషీన్) ఉన్న చాలామందికి ఎలాగూ తెలుసు. 'సైలెంట్ హిల్ 2' అనే హారర్ గేమ్ రీమేక్ ఐడీ పన్నెండొందలకి తీసుకున్నా. ఐడీ అంటే గేమ్ ముందే కొని ఉన్న ఖాతా, దాన్ని మన పీఎస్5లో పెట్టి ఇస్తారు. "లైఫ్‌టైమ్ గ్యారంటీ తమ్ముడూ, టెన్షన్ పడకు" అన్నాడు షాపతను. ఫోన్‌పే చేయించుకున్నాడు, బిల్లు ఇవ్వలేదు.

ఈ గేమ్ అడ్డొచ్చినవాళ్లని కాల్చుకుంటూ పోయే రకం కాదు. 2001లో పీఎస్2 మీద వచ్చినదాన్ని 2024 అక్టోబర్‌లో మళ్లీ తీసుకొచ్చారు. జేమ్స్ సండర్లాండ్ మామూలు మనిషి. మూడేళ్ల కిందట జబ్బుతో పోయిన భార్య మేరీ పేరుతో ఉత్తరం వస్తే, పొగమంచు కమ్మిన ఊళ్లోకి ఆమెను వెతుక్కుంటూ వస్తాడు. మొదట్లో చేతిలో ఉండేది మేకులు దిగిన చెక్క ముక్క. జేబులో రేడియో గరగరలాడిందంటే దగ్గర్లో ఏదో ఉన్నట్టే. మనం మేరీ ఫొటో, ఉత్తరం ఎన్నిసార్లు తీసి చూశాం, దెబ్బలు తగిలినా మందు వాడకుండా తిరిగామా, ఇవన్నీ గేమ్ లోపల లెక్కేసుకుంటుంది. ముగింపు దాన్నిబట్టే మారుతుంది. అందుకే నేను ఏ వీడియో చూడకుండా, రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మెల్లగా ఆడుతున్నా.

గేమ్‌లో బ్రూక్‌హేవెన్ హాస్పిటల్ దాకా వచ్చా. అచ్చం మేరీలా ఉండే మరియా ఒంట్లో బాలేక ఒక గదిలో పడుకుంది, జేమ్స్ ఒక్కడే పాప లారా కోసం వెతుకుతున్నాడు. మర్నాడు ఆన్ చేస్తే గేమ్ బొమ్మ మీద తాళం గుర్తు! నేను ఆడినంతవరకు సేవ్ అలాగే ఉంది, గేమ్ మాత్రం తెరుచుకోదు. ఒక ఐడీలోని గేమ్‌ని మన సొంత ఐడీతో ఆడనిచ్చే 'కన్సోల్ షేరింగ్' ఒక్క పీఎస్5లోనే పనిచేస్తుంది. అదే ఐడీని ఇంకొకరికి అమ్మి అక్కడ ఆన్ చేస్తే మన దగ్గర ఆగిపోతుంది.

షాపుకెళ్లి అడిగా. అతను కంట్రోలర్ పెట్టె మీద రేటు స్టిక్కర్ గోటితో గీకుతున్నాడు, తల కూడా ఎత్తలేదు. "మళ్లీ ఆన్ చేయాలంటే ఐదొందలు" అన్నాడు. "అన్నా, లైఫ్‌టైమ్ అన్నారు కదా, సగంలో ఉన్నా" అన్నా. "సగం ఆడేశావుగా, ఇంకేముంది అందులో?" అంటూ జేమ్స్‌కీ మేరీకీ మధ్య అసలేం జరిగిందో ఒక్క ముక్కలో గట్టిగా చెప్పేశాడు. కౌంటర్ దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్లు నవ్వారు.

నాకు నోట మాట రాలేదు. పన్నెండొందలు పోతే పోయాయి, రేపు సంపాదించుకుంటాం. ఆ గేమ్‌లో ప్రతి గది, ప్రతి రాక్షసి రూపం ఆ ఒక్క నిజం చుట్టూనే అల్లారు. దాన్ని ఆటగాడు జేమ్స్‌తో పాటు తనంతట తాను తెలుసుకోవాలి. డబ్బు తీసుకున్న మనిషే అది లాగేసుకున్నాడు. ఇప్పుడు కొత్త డిస్క్ కొన్నా నాకు ఆ మొదటిసారి రాదు. గేములు అమ్మి బతికేవాడికి ఈ మాత్రం తెలియదా?

ఐడీలు కొనకండి, డిస్కే తీసుకోండి, బిల్లు అడగండి. ఇలాగే మోసపోయినవాళ్లుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, నేనూ చేస్తున్నా. ఈ గేమ్ ఆడేసినవాళ్లు దయచేసి ఆ నిజం మాత్రం ఎవరికీ చెప్పకండి.