విభేదించడానికి వాడే ఇంగ్లిషు మాటలు: పదకొండేళ్ల వాడకం తర్వాత నా అంచనా

నా బల్ల సొరుగులో నీలం అట్ట ఉన్న చిన్న నోటు పుస్తకం ఒకటి ఉంటుంది. అభిప్రాయం చెప్పడానికి, వాదించడానికి, ఒప్పుకోనని చెప్పడానికి ఇంగ్లిషులో వాడే మాటలు అరవై దాకా అందులో రాసుకున్నాను. ఒక్కో మాట పక్కన దాన్ని ఎప్పుడు వాడానో, ఎవరితో వాడానో, ఏమైందో రెండు ముక్కల్లో ఉంటుంది. ఈ సమీక్ష ఆ మాటల గురించే.

హైదరాబాదు దగ్గర ఒక మందుల కంపెనీ నాణ్యత విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గర మందులు కొనే బ్రిటన్, అమెరికా సంస్థల తనిఖీదారులు వచ్చి నాలుగు రోజులు అన్నీ చూసి, తమకు కనిపించిన లోపాలను రాసి వెళ్తారు. వాటిలో చాలావరకు నిజంగానే లోపాలు. కొన్ని కావు. కానివాటిని కావని మర్యాదగా, గట్టిగా, ఆధారాలతో రాయడం నా పని. అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీ తర్వాత ఇచ్చే లోపాల జాబితా, ఫారం 483కైతే 15 పనిదినాల్లో జవాబు అందాలి. అలా అందితేనే, హెచ్చరిక లేఖ ఇవ్వాలా వద్దా అని తేల్చే ముందు మన మాటను కూడా చదువుతారు. ఆ పదిహేను రోజుల్లో ఒక క్రియాపదం కోసం గంటసేపు కూర్చున్న సందర్భాలు నాకున్నాయి.

ఉద్యోగంలో చేరినప్పుడు నా దగ్గరున్నవి వక్తృత్వ పోటీల మాటలు. ‘ఐ స్ట్రాంగ్లీ డిస్ఎగ్రీ’, ‘ఐ బెగ్ టు డిఫర్’, ‘ఐ కండెమ్’. బడిలో, కాలేజీలో వేదికెక్కి మాట్లాడడానికి మాకు నేర్పినవి ఇవే. వీటిలో ఒక్కటి కూడా ఉద్యోగంలో అక్కరకు రాలేదని పదకొండేళ్ల తర్వాత నమ్మకంగా చెప్పగలను. వేదిక మీద ప్రత్యర్థిని ఓడించి దిగిపోతాం. ఆఫీసులో అదే మనిషితో రేపు మళ్లీ పని ఉంటుంది. మనకు నేర్పిన మాటలు మొదటిదానికి, మనకు అవసరమైనవి రెండోదానికి. ఈ తేడాను ఎవరూ ముందుగా చెప్పకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముందుగా వదిలించుకున్నది ‘అకార్డింగ్ టు మీ’. ‘నా అభిప్రాయం ప్రకారం’ అన్నదాన్ని మనం ఉన్నదున్నట్టు దించుకోవడం వల్ల వచ్చిందది. ఇంగ్లిషులో ‘అకార్డింగ్ టు’ను ఇంకొకరి మాటకో, ఒక నివేదికకో, ఒక పత్రానికో తగిలిస్తారు, సొంత అభిప్రాయానికి తగిలించరు. ‘ఇన్ మై ఒపీనియన్’ తప్పు కాదు కానీ, ప్రతి వాక్యానికీ ముందు అది వస్తే వినేవాళ్లకు విసుగు. మామూలుగా ‘ఐ థింక్’ చాలు.

రెండోది ‘డౌట్’. దీనివల్ల నేను నిజంగా ఇబ్బంది పడ్డాను. మనకు సందేహం అంటే అడగదలచుకున్న ప్రశ్న. తరగతిలో చెయ్యెత్తి ‘సార్, డౌట్’ అంటాం. చేరిన మూడో ఏడు, బ్రిటన్ నుంచి ఫోనులో ఉన్న ఒక విశ్లేషకురాలితో ‘ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ మెథడ్’ అన్నాను. ఆవిడ పరీక్షా పద్ధతిలో ఒక మెట్టు నాకు అర్థం కాలేదు, అడుగుదామనుకున్నాను, అంతే. ఆవిడ క్షణం ఆగి, పొడిగా సరే అన్నారు. మర్నాటికి ఆ పద్ధతి సరైనదేనని నిరూపించే పత్రాలు మూడు వచ్చాయి. నేను ప్రశ్న అడిగాననుకున్నాను. ఆవిడ పని మీద నాకు నమ్మకం లేదని చెప్పినట్టు ఆవిడకు వినిపించింది. ఆ వారమే ఫోను చేసి క్షమాపణ చెప్పాను. ఆ రోజు నుంచి ప్రశ్నకు ‘క్వశ్చన్’ అనే మాటే వాడుతున్నాను.

‘ఎగ్రీ’ వెనక వచ్చే చిన్న మాటల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన వ్యాకరణ పాఠాల్లో వీటిని ఖాళీలు పూరించే ప్రశ్నలుగా చదివి మర్చిపోతాం. ‘ఎగ్రీ విత్’ అంటే మీ అభిప్రాయమే నాది కూడా. ‘ఎగ్రీ టు’ అంటే మీరు చెప్పింది చేస్తాను. ‘ఎగ్రీ ఆన్’ అంటే ఇద్దరం కలిసి ఒక మాట మీదికి వచ్చాం. ఒక తనిఖీదారు ఇచ్చిన సలహాకు, ఆలోచన బాగుందన్న ఉద్దేశంతో, ‘ఎగ్రీ టు’ అని రాశాను. ఏడాది తర్వాత మళ్లీ వచ్చి, ఆ సలహాను ఎక్కడ అమలు చేశారో చూపించమన్నారు. చూపించడానికి ఏమీ లేదు. నేను మెచ్చుకున్నాననుకున్నది కాగితం మీద హామీ అయి కూర్చుంది. తప్పు పూర్తిగా నాదే. నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో ఉన్న పుట అదొక్కటే.

ఇంగ్లిషువాళ్లు కాదనడాన్ని వాక్యంలో ఎక్కడ పెడతారన్నది నాకు ఆలస్యంగా అర్థమైంది. మనం ‘ఇది పనిచేయదని అనుకుంటున్నాను’ అంటాం. ‘కాదు’ అన్నది నేరుగా అవతలివాళ్ల ఆలోచన మీద పడుతుంది. ఇంగ్లిషులో దాన్ని ‘అనుకోవడం’ మీదికి జరుపుతారు: ‘ఐ డోంట్ థింక్ ఇట్ విల్ వర్క్’. తెలుగులోనూ ‘పనిచేస్తుందని అనుకోను’ అనే వాక్యం ఉంది, మన నోటికి తక్కువగా వస్తుంది, అంతే. ‘ఐ యామ్ అఫ్రెయిడ్’ కూడా ఇలాంటిదే. మొదటిసారి విన్నప్పుడు ఆ మాట అన్నాయన దేనికి భయపడుతున్నారా అని చూశాను. అక్కడ భయం ఏమీ లేదు. మీకు నచ్చని మాట ఒకటి చెప్పబోతున్నాను, మన్నించండి అని దాని అర్థం. ఇప్పుడు నేను రోజూ వాడే నాలుగైదు మాటల్లో ఇది ఒకటి.

‘రెఫ్యూట్’ అనే మాటను మాత్రం ఎవరికీ సులభంగా సిఫారసు చేయను. నేను రాసిన ఒక జవాబులో అది చూసి మా మేడమ్ ఒక్కటే ప్రశ్న అడిగారు: “తప్పని నిరూపించావా, కాదని మాత్రమే అంటున్నావా?” కాదనడం ‘డినై’, ఒప్పుకోకుండా వివాదం లేవనెత్తడం ‘డిస్ప్యూట్’, ఆధారాలతో తప్పని తేల్చడం ‘రెఫ్యూట్’. ఈ మూడింటి మధ్య తేడా మరచి రాస్తే, లేని బలాన్ని ఉన్నట్టు చూపినట్టవుతుంది. చదివే అధికారి ఆధారాలు అడిగినప్పుడు మొహం చెల్లదు.

ఇక నాకు అన్నిటికంటే పనికొచ్చినది. మా నాన్నగారు తెలుగు పండితులు. ఇంట్లో ఏ గొడవ వచ్చినా “ముందు పూర్వపక్షం చెప్పమ్మా” అనేవారు. అంటే అవతలివాళ్ల వాదనను ముందు మనమే పూర్తిగా, న్యాయంగా చెప్పాలి. ఆ తర్వాతే మన సిద్ధాంతం. ప్రాచీన తర్కశాస్త్ర గ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడుగా విడదీశాయని ఆయనే చెప్పారు. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనదంటూ ఏ మాటా నిలబెట్టకుండా ఎదుటివారి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. ఇంగ్లిషు ‘ఆర్గ్యుమెంట్’ హేతుబద్ధమైన వాదనకూ ఆ మాటే, ఇంట్లో జరిగే పోట్లాటకూ ఆ మాటే. నాన్నగారి మూడు పేర్లు తెలిసి ఉండడం వల్ల, ఏ ఇంగ్లిషు మాట ఏ పనికి వస్తుందో వేరు చేసుకోవడం నాకు తేలికైంది.

ఒక ఉదాహరణ. మా దగ్గర ఒకే రకం ట్యాంకులు నాలుగు ఉన్నాయి. శుభ్రం చేశాక మందు అవశేషం మిగిలిందేమో చూడడానికి, వాటిలో శుభ్రం చేయడం అన్నిటికంటే కష్టమైన ట్యాంకును ఎంచుకుని పరీక్షిస్తాం. నాలుగింటినీ విడివిడిగా పరీక్షించాలని ఒక తనిఖీదారు రాశారు. నా మొదటి జవాబు, ఇలా ఒకదాన్ని ఎంచుకోవడం అందరూ పాటించే పద్ధతేనని, కాబట్టి ఒప్పుకోబోమని. తిరిగి వచ్చింది. రెండోసారి ఇలా మొదలుపెట్టాను: ఒక ట్యాంకునే చూస్తే మిగతావాటిలో మిగిలిన అవశేషం కంటపడకుండా పోవచ్చన్నది మీ ఆందోళన; ఆ ఆందోళన సరైనదే, మాకూ ఉంది. అక్కడ వాడిన మాట ‘వుయ్ షేర్ దిస్ కన్సర్న్’. ఆ తర్వాత ‘హవెవర్’. ఆ తర్వాత నాలుగు ట్యాంకుల కొలతలు, లోహం, కడిగే విధానం ఒకటేనని చూపించే పట్టిక, ఎంచుకున్న ట్యాంకులో చేయి అందని మూల ఎక్కడుందో చూపించే బొమ్మ. ఆయన ఒప్పుకున్నారు. మిగతా ట్యాంకుల్లో ఒకదాన్ని ఏడాదికొకసారి చూడమని మాత్రం అడిగారు. అడగవలసిందే అడిగారని నాకనిపించింది. ఈసారి ‘ఎగ్రీ టు’ అని తెలిసే రాశాను.

రెండు జవాబుల్లోనూ ఆధారాలు అవే. మారినది మొదటి రెండు వాక్యాలు. ‘ఐ సీ యువర్ పాయింట్, బట్’ అనే మాట దీనికి సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. మీ మాట అర్థమైందని చెప్పడం వేరు, ఏమి అర్థమైందో చెప్పడం వేరు. మొదటిది ఎవరైనా అనగలరు, అందుకే దాన్ని ఎవరూ నమ్మరు.

బ్రిటన్, అమెరికా వాళ్లు ఒకే సమావేశంలో ఉంటే కొన్ని మాటలకు దూరంగా ఉంటాను. ‘టేబుల్’ అంటే బ్రిటన్‌లో ఒక అంశాన్ని చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారుల మధ్య చాలాసేపు వాగ్వాదం జరిగిందని చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాశారు. ‘క్వైట్ గుడ్’ అని అమెరికా మనిషి అంటే బాగుందని సంతోషిస్తాను. బ్రిటన్ మనిషి అంటే లోటు ఎక్కడుందో అడుగుతాను. ‘విత్ రెస్పెక్ట్’ అని బ్రిటన్ వాళ్లు మొదలుపెడితే, వెనక గట్టి వ్యతిరేకత వస్తోందని సిద్ధపడతాను.

మా చెల్లెలి కూతురు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిషు పరీక్షకు చదువుతోంది. రాత పరీక్షలో రెండో వ్యాసం 40 నిమిషాల్లో కనీసం 250 మాటలు రాయాలి. ఎంతవరకు ఏకీభవిస్తారో చెప్పండి అన్న తరహా ప్రశ్నలు ఎక్కువ. నా నోటు పుస్తకం ఇమ్మంది. ఇచ్చాను, కానీ బట్టీ పట్టవద్దని చెప్పాను. పదసంపద అక్కడ మార్కులు వేసే నాలుగు అంశాల్లో ఒకటి మాత్రమే. అడిగినదానికి జవాబు చెప్పామా లేదా అన్నది మరొకటి. ‘ఇట్ కుడ్ బి ఆర్గ్యూడ్ దట్’ అని మొదలుపెట్టి అవతలి వాదనను రెండు వాక్యాల్లో న్యాయంగా రాసి చూపించమన్నాను. నాలుగు రోజులు పట్టింది తనకు. ఇప్పుడు బాగా రాస్తోంది.

పుస్తకం చివరి పుటలో ఒక మాట ఉంది: ‘ఐ స్టాండ్ కరెక్టెడ్’. నేను పొరబడ్డాను, మీరు సరిదిద్దారు అని. దాని పక్కన చాలా ఏళ్లు తేదీ లేదు. పోయిన డిసెంబరులో, మా విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి సమావేశంలో అందరి ముందు నా లెక్కలో దశాంశ బిందువు తప్పు చోట ఉందని చూపించింది. చూశాను. తను చెప్పిందే నిజం. ఆ మాట అన్నాను, సాయంత్రం తేదీ వేశాను, పక్కన ఆ అమ్మాయి పేరు కూడా రాసుకున్నాను.